వేళకాని సైరన్

నా మాట నమ్మేవాడు మా కూలీ బస్తీ ఖుర్సీపార్ మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. మిగిలినవాళ్ళు నా కథలు విని, టీ తాగి, లుంగీ దులుపుకుని లేచిపోయేవారు. మా ఆవిడైతే నేను వాన పడుతోందన్నా చెయ్యి బయటికి చాపి చూసుకునేది. వాడు మాత్రం చెప్పింది చెప్పినట్టు మింగేవాడు. గంటకి పది అబద్ధాలాడే మనిషికి అలాంటివాడు ఒకడు దొరకడం అదృష్టమని చాలాకాలం అనుకున్నాను.

వాడికీ నాకూ చుట్టరికం ఏమీ లేదు. వాడిది శ్రీకాకుళం వేపు సముద్రపుటొడ్డు పల్లె, మాది విజయనగరానికి అవతల. వాడు నన్ను మావా అనేవాడు, నేను అల్లుడూ అనేవాణ్ణి. నాకు ఆడపిల్లలు లేరు. వాడికి అప్పటికే పెళ్ళయింది, పెళ్ళాం పుట్టింట్లో ఉంది. కూతురు పుట్టి ఆరు నెలలు దాటినా ఆ పిల్ల మొహం వాడింకా చూడలేదు. ఇక్కడ ఆరుగురు కుర్రాళ్ళు కలిసి ఒక పాకలో ఉండేవారు. ముగ్గురు డ్యూటీకి పోతే ముగ్గురు పడుకోవాలి, అంతే జాగా. ఆ పాకలోకి పసిపిల్లను ఎలా తెస్తాడు?

ఇద్దరం ఈ హిందీ ఊరి ఉక్కు కార్ఖానాలో, కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాళ్ళం. బయటివాళ్ళకి చెప్పాలంటే, ఇటుకతో కట్టిన సన్నటి ఎత్తు గదులు, బీరువాలో పుస్తకాల్లాగ పక్కపక్కన నిలబడి ఉంటాయి. ఆ వరసని బేటరీ అంటారు. లోపల బొగ్గు, గాలి తగలకుండా ఉడికి, ఇనుము కరిగించే కోక్ అవుతుంది. ఒకసారి వేడెక్కించాక ఏళ్ళ తరబడి దాన్ని చల్లార్చేది లేదు, పండగ లేదు, ఆదివారం లేదు. మా పని దాని నెత్తిమీద. కప్పులో కన్నాలుంటాయి, వాటికి ఇనప మూతలు. కొక్కెం ఉన్న రాడ్డుతో మూత లాగాలి, బండి వచ్చి బొగ్గు పోస్తుంది, మళ్ళీ మూత పెట్టి చుట్టూ తడిమట్టి మెత్తాలి. ఆ కప్పు ఎంత వేడంటే బూట్ల కింద చెక్కచెప్పులు కట్టుకోకుండా నిలబడలేం. ఇది నా కథ కాదు, నిజం. రబ్బరు చెప్పులతో ఎక్కిన ఒక కొత్త ఇన్‌స్పెక్టర్ దిగేటప్పుడు వాటిని కాగితంలో పొట్లం కట్టుకు పోయాడు. సరే, ఇది కొంచెం నా కథ.

అక్కడ ఒక ఆచారం ఉండేది. కాగితం మీద ఎవరూ రాయలేదు గాని అందరూ పాటించేవాళ్ళం. షిఫ్టు మారేటప్పుడు రాడ్డును కింద పెట్టకూడదు. తరవాతివాడు పైకెక్కి నీ చేతిలోంచి తన చేతిలోకి తీసుకోవాలి. అప్పుడే నువ్వు దిగాలి. వాడు రాకపోతే గంటైనా రెండు గంటలైనా నిలబడవలసిందే. రాడ్డు నేలమీద పెట్టి పోయినవాడితో ఎవరూ టీ తాగేవారు కాదు.

ఇక పరుగు సంగతి. ఏటా జనవరిలో టౌన్‌షిప్పు క్లబ్బువాళ్ళు ఒక పెద్ద పరుగు పెట్టేవారు. కాగితాల మీద మారథాన్ అని ఉండేది, మాకు బడీ దౌడ్. ఇరవై ఆరు మైళ్ళు. టౌన్‌షిప్పు సెక్టార్ల మధ్య గ్రౌండులో మొదలై, కోహ్కా మీదుగా తిరిగి, చరోదా రైల్వే యార్డు గేటు దగ్గర మలుపు తీసుకుని, మా ఖుర్సీపార్ అంచునుంచి కార్ఖానా గేటు ముందుకి వచ్చి, మళ్ళీ గ్రౌండుకి. ఆ ఏడు కొత్తగా ఒక మాట ప్రకటించారు. మొదటి ముగ్గురిలో కార్ఖానా మనుషులుంటే వాళ్ళని గ్రౌండు పనికి తీసుకుంటారు. గడ్డి కొయ్యడం, సున్నంతో గీతలు గియ్యడం, కుర్రాళ్ళకి పరుగు నేర్పడం. పనితోపాటు గ్రౌండు పక్కనే ఒక గది. గదికి పంపు.

అల్లుడు ఆ పంపు మాట దగ్గరే ఆగిపోయాడు. కాగితం చదివినవాణ్ణి నేనే.

"పంపు గది లోపలా మావా, బయటా?"

"లోపలేరా. రెండు పంపులు. ఒకదాన్నుంచి వేన్నీళ్ళు."

వాడు నమ్మాడు. ఆ రోజునుంచి పరిగెత్తడం మొదలెట్టాడు. డ్యూటీ దిగి చరోదా దాకా పరుగు, మళ్ళీ వెనక్కి. చిన్నప్పుడు వలల దగ్గరికి తడి ఇసకలో పరిగెత్తిన కాళ్ళు వాడివి. ఆపైన రోజూ ఎనిమిది గంటలు చెక్కచెప్పులు మోసినవి. అవి విప్పి ఒట్టికాళ్ళతో రోడ్డెక్కితే కాళ్ళు ఉన్నట్టే తెలియడం లేదనేవాడు. చరోదా రైల్వే క్వార్టర్లలో ఆడవాళ్ళు వాడు వచ్చే టైముకి పొయ్యి మీద ఎసరు పెట్టేవారట. రైళ్ళకంటే నమ్మకమని.

పరుగు ఆదివారం ఎనిమిదింటికి. ఆ రోజు వాడికి పొద్దుట ఆరు నుంచి రెండు దాకా డ్యూటీ. వాడికి ముందు షిఫ్టు నాది, ముందురోజు రాత్రి పదింటినుంచి ఆరు దాకా. వాడి వంతు కూడా నేనే నిలబడతానన్నాను. డబల్ డ్యూటీ, పదహారు గంటలు. మొదటిసారి జీవితంలో ఒక మంచిపని చేస్తున్నానని మా ఆవిడ కూడా ఒప్పుకుంది.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? శనివారం సాయంత్రం టీ కొట్టు దగ్గర పదిమంది కూచున్నారు. డబల్ డ్యూటీ మాట వచ్చింది. నా నాలిక ఆగలేదు. ఇంకో ఊరి కార్ఖానాలో నాలాంటివాడు ఒకడు డబల్ చేశాడని మొదలెట్టాను. పన్నెండో గంట దాటాక మనిషి నిలబడే నిద్రపోతాడు, కళ్ళు తెరిచే ఉంటాయి. వాడు అలాగే నిద్రపోయి, ఊళ్ళో ఏట్లోకి స్నానానికి దిగుతున్నట్టు కలగని, మూత తీసిన కన్నంలోకి కాలు పెట్టేశాడు. తెల్లారి చూస్తే చెక్కచెప్పులు రెండూ కన్నం పక్కన ఒద్దిగ్గా విప్పి ఉన్నాయి, స్నానానికి పోయేవాడు విప్పినట్టు.

అందరూ పకపకా నవ్వారు. అల్లుడు నవ్వలేదు.

"ఏ కాలు మావా, ముందెట్టింది?"

"ఎడంకాలు," అన్నాను, రెప్ప వెయ్యకుండా.

క్లబ్బులో ఒక పెద్ద ఆఫీసరు ఉండేవాడు. పరుగంతా ఆయన చేతిమీదే నడిచేది. మంచి మనిషి. చదువుకోసం విదేశం వెళ్ళివస్తూ మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో రెండు రోజులు ఆగాడట. ఆ ఊళ్ళోనూ ఏటా ఇలాంటి పరుగే. మొదటి మనిషి రేవు దగ్గరికి రాగానే రేవులో ఉన్న ఓడలన్నీ ఒక్కసారి కూత వేశాయట. ఆయనకి ఒళ్ళు గగుర్పొడిచిందట. ఆ కూతల్ని ఇక్కడికి తేవాలని ఆయన కోరిక. మనకి ఓడలెక్కడివి? కాని సైరన్ ఉంది కదా అనుకున్నాడు. మొదటివాడు కార్ఖానా గేటు దాటుతుండగా సైరన్ మోగించడానికి అనుమతి సంపాదించాడు. జనానికి ఆశ్చర్యంగా ఉండాలని ముందుగా ఎవరికీ చెప్పలేదు.

ఆయన సెక్టార్లో పెద్ద బంగళాలో ఉండేవాడు. ఖుర్సీపార్‌లో ఉండి ఉంటే ఆ పని చేసేవాడు కాదు. సైరన్ మా గడియారం. పొద్దుట ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి. అన్నం వండేది, పిల్లల్ని బడికి తోలేది, అలిగినవాళ్ళు అలక మానేది, అన్నీ దాన్ని బట్టే. వేళకాని వేళ మోగిందంటే దానికి ఒకటే అర్థం. లోపల ఏదో జరిగింది. అప్పుడు డ్యూటీ లేనివాడు కూడా ఉన్నపళంగా గేటువేపు పరిగెత్తాలి. ఎవరూ నేర్పకపోయినా అందరికీ వచ్చు.

ఆదివారం పది దాటి అరగంటయింది. నేను బేటరీ మీద ఉన్నాను. నిద్ర మాత్రం రావడం లేదు. సైరన్ మోగింది. షిఫ్టు సైరన్ కాదు, లాగి లాగి మోగుతోంది. చేతిలో రాడ్డు అలాగే ఆగిపోయింది. చుట్టూ చూశాను. పొగ ఎప్పటి పొగే, మంట ఎప్పటి మంటే. ఫోర్‌మన్ ఫోను దగ్గరికి పరిగెత్తాడు. మా కాళ్ళ కిందే ఏదో అయింది, మాకే తెలియడం లేదు అనిపించింది. ఇరవయ్యేళ్ళు దాటి ఇలాంటిచోట్లే పనిచేశాను, అంత భయం మళ్ళీ ఎరగను.

ఫోర్‌మన్ తల బయటపెట్టి నవ్వాడు. ఏమీ లేదు, పరుగులో మొదటివాడు గేటు దగ్గరికొచ్చాడట, వాడికి సలాం కొడుతున్నారు, అని చెప్పాడు. ఊపిరి పీల్చుకున్నాను. మరుక్షణం ఇంకో సంగతి తట్టింది. మొదటివాడంటే ఎవరు? మావాడే అయి ఉండాలి. అంత పెద్ద కార్ఖానా నా అల్లుడికి కూత వేసింది. రాడ్డు మీద చేరబడి, ఈ కథని టీ కొట్టులో ఎక్కడినుంచి మొదలెట్టాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు మెట్లమీద చప్పుడైంది.

అల్లుడు.

తెల్ల బనీను, రొమ్ము మీద పిన్నులతో గుచ్చిన గుడ్డ, దానిమీద నలభై ఒకటి. ఒళ్ళంతా చెమట. నా మొహం కేసి చూడలేదు. ముందు నా ఎడంకాలు చూశాడు. తరవాత కుడికాలు. అప్పుడు వచ్చి రాడ్డు పట్టుకున్నాడు.

"నానొచ్చీసినాను మావా. రాడ్డు ఒగ్గీ. నువ్వెల్లి తొంగో."

ఇద్దరం చెరోపక్కా ఆ రాడ్డు పట్టుకుని నిలబడ్డాం.

"ఎందుకొచ్చినావురా?" అన్నాను.

"సైరన్ కూసింది గదా. పన్నెండో గంట దాటిపోనాది. నువ్వు కాలెట్టీసినావనుకున్నాను."

అది వింటూ కిందికి చూశాను. వాడి కాళ్ళు ఒట్టివి. చెక్కల్లేవు, బూట్లు లేవు, ఏమీ లేవు. మేం చెక్కచెప్పులతో కూడా ఒకచోట నిలబడలేని ఆ ఇటుకల మీద, వాడు మెట్లనుంచి నా దాకా నలభై అడుగులు ఒట్టికాళ్ళతో నడిచి వచ్చాడు. ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, ఒక కాలు ఎత్తి ఒకటి దించుతూ, తనకి సంబంధం లేనట్టు. వాసన నాకు తెలుస్తోంది. వాడికి తెలియడం లేదు.

నేను అరిచిన అరుపుకి ఫోర్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం వాణ్ణి ఎత్తుకుని మెట్ల దగ్గరి బల్లమీద కూచోబెట్టాం. మూతలకి మెత్తే తడిమట్టి బకెట్టు అక్కడే ఉంది. కాళ్ళు రెండూ అందులో ముంచాను. అప్పుడు మొదటిసారి వాడు "అమ్మా" అన్నాడు.

"ఏమీ అవలేదురా," అన్నాను. "ఆ సైరన్ నీకే. నువ్వు ముందున్నావని ఊదారు. పో, పరిగెత్తు."

నా మొహం చూశాడు. నమ్మాడా? నమ్మాడు, ఇది కూడా. లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ కింద దాకా బూడిదరంగు మట్టి, బూట్లు తొడుక్కున్నట్టు. మెట్లు దిగాడు. కప్పు అంచునుంచి చూస్తే బొగ్గు కుప్పల మధ్య రోడ్డుమీద కుంటుతూ మొదలెట్టి, తరవాత కుంటడం మానేశాడు.

గేటు దగ్గర ఏం జరిగిందో మా ఆవిడ చెప్పింది. సైరన్ విని ఖుర్సీపార్ ఆడవాళ్ళందరూ గేటుకి పరిగెత్తారు, తనూ పరిగెత్తింది. అన్నం గరిటె చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళు గేటు చేరేసరికి ఈ పిల్లాడు రోడ్డు మీదనుంచి చటుక్కున తిరిగి లోపలికి పోతున్నాడట. వాచ్‌మన్ అడ్డుపడి టోకెన్ అడిగాడు. మనిషి లోపలికి పోవాలంటే ఇత్తడి టోకెన్ ఉండాలి, నంబరు రిజిస్టర్లో ఎక్కాలి. వీడు రొమ్ము మీది గుడ్డ చూపించాడు. వాచ్‌మన్ కూడా కంగారులో ఉన్నాడు, నలభై ఒకటి అని రాసుకున్నాడు. పని ఏమిటని అడిగితే, "డ్యూటీ భయ్యా, డ్యూటీ," అన్నాడట. అదీ రాసుకున్నాడు. ఈలోగా రెండోవాడు, మూడోవాడు, వరసగా చాలామంది గేటు దాటిపోయారు. మా ఆవిడ ఆ మూడోవాణ్ణి గరిటెతో ఆపబోయిందని నేను చెప్తూ ఉంటాను. తను కాదంటుంది.

అల్లుడు పదకొండోవాడుగా చేరాడు. గ్రౌండులో జనం మట్టికాళ్ళు చూసి ఎక్కడో చెరువులో పడి లేచాడనుకున్నారు. గీత దాటి కూచున్నవాడు మళ్ళీ లేవలేదు. పదిహేను రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు.

నేను టీ కొట్టులో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క అక్షరం కలపలేదు. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. నా కథలన్నింటిలోకీ ఇదే గొప్పదన్నారు. ఒట్టు పెట్టుకుంటే ఇంకా నవ్వారు. అక్కడినుంచి లేచి నేరుగా ఆ క్లబ్బు ఆఫీసరు బంగళాకి వెళ్ళాను. నా ఖ్యాతి ఆయన దాకా పోలేదు కాబోలు, కూచోబెట్టి విన్నాడు. వింటూ వింటూ ఆయన మొహం పాలిపోయింది. నాతోపాటే గేటు దగ్గరికొచ్చి రిజిస్టరు తెరిపించాడు. నలభై ఒకటి. డ్యూటీ. ఆ వరస మీద వేలు పెట్టి మళ్ళీ చదివాడు. తప్పు నాది, ఆ గది అతనికే ఇప్పిస్తాను, అన్నాడు. ఆ రాత్రే మా ఓవెన్ల బాస్‌కి ఉత్తరం రాశాడు, ఈ మనిషిని గ్రౌండుకి వదలమని. గది వచ్చినట్టేనని నేను ఆస్పత్రికి పోయి అల్లుడికి చెప్పాను.

అల్లుడు ఆస్పత్రినుంచి వచ్చిన వారానికి బాస్ మా ఇద్దరినీ గదికి పిలిచాడు. వాణ్ణి కుర్చీలో కూచోబెట్టాడు. మా బేటరీ మనిషి ఆ గదిలో కుర్చీలో కూచోవడం నేను చూడటం అదే మొదటిసారి. తన కప్పుల్లోనే టీ ఇప్పించాడు. సగం హిందీ, సగం ఇంగ్లీషు, చాలాసేపు మాట్లాడాడు. సారాంశం ఇది. గెలిచే పరుగు వదిలేసి, సైరన్ వినగానే, ఒట్టికాళ్ళతో బేటరీ ఎక్కినవాడు. ఇలాంటివాణ్ణి తన ఉద్యోగంలో ఇంతవరకు చూడలేదు. ఇలాంటివాణ్ణి గడ్డి కొయ్యడానికి పంపితే తనకంటే తెలివితక్కువవాడు ఉండడు. ఎంతమంది అడిగినా వదిలేది లేదు. శభాష్.

రిజిస్టరు తెరిపించింది నేను. నిజం నిరూపించింది నేను. నా జన్మలో మొదటిసారి నా నిజాన్ని ఇద్దరు పెద్దమనుషులు నమ్మారు, నమ్మినందుకు వాడి గది పోయింది.

వాడు లేచి బాస్‌కి రెండు చేతులా దండం పెట్టాడు. మొహం వెలిగిపోతోంది. వాడికి హిందీ అంతంతమాత్రం, ఇంగ్లీషు అసలు రాదు. శభాష్ ఒక్కటీ అర్థమైంది. బయటికొచ్చాక మెట్లమీద ఆగి అడిగాడు.

"మరి గది తాళం ఎవులిస్తారు మావా?"

ఎన్ని అబద్ధాలు తెలుసు నాకు. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఈ ఏడాది నేదురా. వచ్చే ఏడాది."

వాడు తల ఊపాడు. అప్పటికి పిల్లకి నడక వచ్చేస్తది, అన్నాడు. అంతే.

ఆ ఏడాదంతా టీ కొట్టులో నేను పెద్దగా నోరు విప్పలేదు. ఒంట్లో బాగులేదేమో అనుకున్నారు. మళ్ళీ బాస్ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి వెళ్ళగొట్టాడు. రెండోసారి విసుగెత్తి, సరేనయ్యా, వచ్చే పరుగులో మొదటి ముగ్గురిలో వస్తే నేను అడ్డుపడను, పో, అన్నాడు. ఆ మాట ఆఫీసరుగారి చేత కాగితం మీద రాయించాను. అల్లుడి అరికాళ్ళు మాను బెరడులా తయారయ్యాయి. మళ్ళీ చరోదా దాకా పరుగు మొదలెట్టాడు.

మరుసటి జనవరికి సైరన్ మాట ఎవరూ ఎత్తలేదు. ఈసారి వాడి డ్యూటీకి ఇంకొకర్ని నిలబెట్టాం, ఒక ఒడియా కుర్రాణ్ణి. నేను సెలవు పెట్టాను. వాడికి కనపడేలాగ, ఉతికిన చొక్కా వేసుకుని, రెండు కాళ్ళూ నేలమీద ఆనించి, గేటు ఎదురుగా రోడ్డు వారన నిలబడ్డాను. మా ఆవిడ పక్కనే ఉంది, గరిటె లేకుండా.

ముందు రైల్వే మనిషి ఒకడు వచ్చాడు. వాడి వెనక యాభై గజాల్లో అల్లుడు. గేటు దగ్గరపడుతుంటే వాడి అడుగు తగ్గడం చూశాను. తల గేటువేపు తిరిగింది. వెనక ఇంకో ఇద్దరు దగ్గరికొచ్చేస్తున్నారు. నన్ను చూశాడు గాని ఆ చూపు నా మీద నిలవలేదు, నా నెత్తిమీదుగా బేటరీ పొగకేసి పోయింది.

"పైనెవులున్నారు మావా?"

మావ ఇక్కడున్నాడు సరే. అయితే అక్కడ ఎవరున్నారన్నది వాడి బెంగ. వాడి భయం నా ఒక్కడి కోసం కాదని నాకప్పుడు తెలిసింది. ఎవరు నిలబడినా వాడు పైకి చూడకుండా ఈ గేటు దాటలేడు.

"ఎవులూ నేరు," అని అరిచాను. "నీ పరుక్కని పొద్దున్నే బేటరీ ఆర్పీసినారు. చల్లగుంది. పిల్లలు గోళీలాడతన్నారు దానిమీద."

ఆరదని వాడికి తెలుసు. అది ఎప్పటికీ ఆరదని ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. రెండడుగులు వేశాడు. మూడో అడుగులో వాడి పళ్ళు కనిపించాయి. నా మాటకి వాడు నవ్వడం నేనెరిగినంతలో అదే మొదలు.

"అబద్దం," అన్నాడు.

అని, గేటు దాటిపోయాడు.

రెండోవాడుగా చేరాడు. మార్చిలో గది తాళం వచ్చింది. పంపు గది లోపల కాదు, బయట. ఒకటే, చన్నీళ్ళది. ఏప్రిల్లో పెళ్ళాన్నీ పిల్లనీ తెచ్చుకున్నాడు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి ఆ పిల్ల పంపు కింద నిలబడి ఉంది, ఒట్టికాళ్ళతో.